కంట్లో నీళ్ళు ధారగా కారుతుంటే "పొడికన్ను" ఎలా అవుతుంది?

దేవరకొండ_మీసేవ · ఏప్రిల్ 11, రాత్రి 10:05

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. తొమ్మిదేళ్ళుగా మీసేవ సెంటర్‌లో కంప్యూటర్ ముందే పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు. ఏడాదిగా మధ్యాహ్నం రెండు దాటితే చాలు, కండ్లు మంట. ఇసుక పోసినట్టు గరగర. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుని ఉంటాయి, అంచుల్లో తెల్లటి పుసి. సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే గాలికి నీళ్ళు ధార కడతాయి, ఎదురొచ్చే బండి కూడా మసకగా కనబడుతుంది.

మొన్న ఒక కంటి డాక్టర్ దగ్గరికి పోయాను. రెండు నిమిషాలు చూసి "డ్రై ఐ" అని రాసి, చుక్కల మందు ఇచ్చి పంపారు. చుక్కలు వేస్తే పది నిమిషాలు హాయి, మళ్ళీ అదే కథ. నాకు అర్థం కానిది ఒక్కటే. నీళ్ళు ఇంత కారుతుంటే కన్ను ఎండిపోయిందని ఎట్లా అంటారు? డాక్టర్ పొరపాటు పడ్డారా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

సాగర్‌రోడ్డు_డ్రైవర్ · ఏప్రిల్ 11, రాత్రి 10:31

అన్నా, నాది కూడా అచ్చం ఇదే. నల్గొండ నుంచి సాగర్ రూట్‌లో బస్సు నడుపుతాను. అద్దం దించితే వేడిగాలి, ఎక్కిస్తే ఉక్క. హాలియా దాటేసరికి రెండు కండ్లూ తుడుచుకుంటూనే ఉంటాను. జవాబు వస్తే నేనూ చదువుకుంటా.

పాలమూరు_కళ్ళజోడు · ఏప్రిల్ 12, ఉదయం 6:50

మీసేవ తమ్ముడూ, డాక్టర్ గారు పొరపాటు పడలేదు. సగమే చెప్పారు. మహబూబ్‌నగర్‌లో పద్నాలుగేళ్ళుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. నువ్వు అడిగిన ప్రశ్న వారానికి పదిమందైనా అడుగుతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

కంటి మీద ఉండేది ఉత్త నీళ్ళు కాదు. ఒక పలుచటి పొర. దాని మందం మొత్తం కలిపినా మన తల వెంట్రుకలో ఇరవయ్యో వంతు ఉంటుంది. అందులో కంటిగుడ్డును అంటుకుని అడుగున జిగురు, దాని మీద నీళ్ళు, అన్నిటికన్నా పైన నూనె. పాల మీద మీగడ ఎట్లా పరుచుకుంటుందో నీళ్ళ మీద ఆ నూనె అట్లా పరుచుకుని ఉంటుంది. దాని పని నీళ్ళు ఆవిరి కాకుండా కాపాడటం. ఎండాకాలం మన చెరువులు ఎట్లా ఇంకిపోతాయో చూస్తూనే ఉంటాం కదా. మీగడ లేని కన్ను కూడా అంతే. రెప్ప వేసిన నాలుగైదు సెకన్లకే ఆ పొర అక్కడక్కడ చిరుగుతుంది. చిరిగిన చోట కంటిగుడ్డు గాలికి ఎండుతుంది, మంట పుడుతుంది. ఆ మంట కబురు అందగానే పైన ఉన్న కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళకు నూనె తోడు లేదు, కాబట్టి కంటి మీద నిలవవు. చెంప మీదికి జారిపోతాయి. కన్ను మళ్ళీ ఎండుతుంది, మళ్ళీ నీళ్ళు. నువ్వు బండి మీద పోతూ తుడుచుకునేవి ఈ నీళ్ళే.

ఇక ఆ నూనె ఎక్కడిదంటే, రెప్పల్లోనే తయారవుతుంది. అద్దం ముందు మంచి వెలుతురులో నిలబడి కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగి చూడు. వెంట్రుకల వరుసకు వెనక, కంటిగుడ్డును ఆనుకునే అంచు మీద, సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కల వరుస కనబడుతుంది. అవి నూనె గ్రంథుల నోళ్ళు. వీటిని మైబోమియన్ గ్రంథులు అంటారు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి ఒక్కో నోటి నుంచి వెంట్రుకవాసి నూనె బయటికి వచ్చి కంటి మీద పరుచుకుంటుంది.

ఇప్పుడు మీసేవ పని సంగతి. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేస్తాడు. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది ఐదారుకు పడిపోతుంది. పైగా వేసిన రెప్ప కూడా సగంలోనే ఆగుతుంది, కింది రెప్పను తాకదు. తాకకపోతే గ్రంథుల మీద ఒత్తిడి పడదు, నూనె లోపలే ఉండిపోయి చిక్కబడుతుంది. చలికాలంలో గిన్నెలో నెయ్యి పేరినట్టు. కొన్నాళ్ళకు నోళ్ళు మూసుకుపోతాయి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళ రెప్ప అంచును వేలితో మెల్లగా నొక్కి చూస్తాను. గ్రంథులు బాగున్నవాళ్ళకు నువ్వుల నూనె లాంటి తేట చుక్క వస్తుంది. మూసుకుపోయినవాళ్ళకు టూత్‌పేస్టులాగా తెల్లగా, ముద్దగా వస్తుంది. కొందరికి ఎంత నొక్కినా ఏమీ రాదు. నీకు చుక్కల మందు పది నిమిషాలే పనిచేయడానికి కారణం అదే తమ్ముడూ. ఆ చుక్కలు నీళ్ళను భర్తీ చేస్తాయి. నీకు తక్కువైంది నూనె.

దేవరకొండ_మీసేవ · ఏప్రిల్ 12, ఉదయం 8:12

అన్నా, ఏడాదిగా ఎవరూ ఇట్లా చెప్పలేదు. ఇప్పుడే అద్దంలో చూసుకున్నా. ఆ చుక్కలు కనబడుతున్నాయి. ఎడమ కన్నులో మూడు నాలుగింటి మీద తెల్లటి మూతల్లాగా ఉన్నాయి. గోటితో తీసేయొచ్చా?

పాలమూరు_కళ్ళజోడు · ఏప్రిల్ 12, ఉదయం 8:20

వద్దు వద్దు! గోరు అస్సలు తగిలించొద్దు. కాపడం పెట్టి మెత్తబరిస్తే అవే కరుగుతాయి. సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు షాపు తెరవాలి.

పిల్లలమర్రి_టీచరమ్మ · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 3:40

కాపడం సంగతి నేను చెప్తాను బాబూ, రెండేళ్ళుగా చేస్తున్నాను. నేను రిటైర్డు టీచర్‌ని. కంటి వెలుగు రెండో విడత 2023 జనవరిలో మొదలైనప్పుడు మా వార్డులో పరీక్ష చేసి చదువుకునే అద్దాలు ఇచ్చారు. అక్షరాలు చక్కగా కనబడ్డాయి, మంట మాత్రం పోలేదు. అద్దాలు చూపుకు, మంట రెప్పలకు సంబంధించింది అని నాకు తర్వాత తెలిసింది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయే వయసులో ఈ బాధ ఎక్కువవుతుందని కూడా డాక్టరమ్మ చెప్పింది.

మొదట్లో వేడినీళ్ళలో చేతిగుడ్డ ముంచి, పిండి కండ్ల మీద వేసుకునేదాన్ని. రెండు నిమిషాలకే చల్లారిపోయేది. చల్లారిన గుడ్డతో లాభం లేదట, వేడి లోపలి దాకా పోవాలట. అప్పుడు మా అమ్మ నడుము నొప్పికి చేసే ఉపాయం గుర్తొచ్చింది. రెండు గుప్పెళ్ళ జొన్నలు పెనం మీద వేయించి, పాత నూలు చీర ముక్కలో మూట కట్టి, పైన ఇంకో తడిగుడ్డ చుట్టి పెట్టుకుంటాను. జొన్న వేడిని పట్టి ఉంచుతుంది. పది నిమిషాలు హాయిగా పడుకుంటాను. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. పెట్టుకునే ముందు మూటను మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి. అక్కడ ఓర్చుకోలేని వేడిని కంటి మీద పెట్టొద్దు.

నేత్ర_పీజీ · ఏప్రిల్ 12, రాత్రి 9:15

నమస్తే. మాది నకిరేకల్, కంటి వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ నడుస్తున్న చర్చ చూసి చాలా సంతోషమేసింది. టీచర్ గారి జొన్నల మూట మంచి ఉపాయం, ఆ మణికట్టు జాగ్రత్త ఇంకా మంచిది. కొన్ని వివరాలు కలుపుతాను.

వేడి ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న రెప్పలో ఈ నూనె ఒంటి వేడికే కరిగి ఉంటుంది. జబ్బు చేసిన గ్రంథుల్లో నూనె కూర్పు మారిపోతుంది, కరగడానికి ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. కాపడం 40 డిగ్రీల దగ్గర ఉండాలి, ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. దాని తర్వాత రెప్ప మసాజ్ తప్పనిసరి. నూనె కరిగింది, బయటికి రావాలి కదా. పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, వెంట్రుకల వైపుగా శుభ్రమైన వేలితో మెల్లగా నిమరాలి. కంటిగుడ్డును నొక్కొద్దు. ఆ తర్వాత రెప్పల కోసం అమ్మే తడి వైప్‌లతోనో, గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితోనో అంచు తుడవాలి. చాలామంది వారం చేసి మానేస్తారు. ఫలితం తెలియడానికి కనీసం నెల పడుతుంది, ఒక్కోసారి రెండు.

ఈ గ్రంథుల ఆకారం గురించి ఒక మాట. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో రెప్పను తిరగేసి ఫొటో తీస్తే, నడుమ ఒక సన్నటి గొట్టం, దానికి రెండువైపులా చిన్న చిన్న గింజల్లాంటి తిత్తులు కనబడతాయి. మన పాలమూరు చేలల్లో ఆముదం గెల చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, అచ్చం అట్లాగే ఉంటుంది. ఏళ్ళ తరబడి మూసుకుపోయిన గ్రంథి కుంచించుకుపోయి ఆ ఫొటోలో మాయమవుతుంది. అట్లా పోయినది తిరిగి మొలవదు. నేను మీ అందరినీ ఇప్పుడే మొదలుపెట్టమని బతిమాలేది అందుకే.

వీటిని 1666లో వివరంగా రాసినవాడు హైన్‌రిచ్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు. ఆయన పేరే ఉండిపోయింది. మూడున్నర శతాబ్దాల కిందటే తెలిసిన గ్రంథి, ఇవాళ్టికీ రెండు నిమిషాల పరీక్షలో ఎవరూ చూడకుండా వదిలేస్తున్నారంటే బాధగా ఉంటుంది. మా వార్డులో రోజుకు వందలమంది వస్తారు, తొందర నాకు అర్థమవుతుంది. కానీ రెప్ప అంచును నొక్కి చూడటానికి అర నిమిషం చాలు.

ఆముదాల_చేను · ఏప్రిల్ 12, రాత్రి 10:02

డాక్టర్ సారు ఆముదం పేరెత్తిండు కాబట్టి అడుగుతున్నా. మాది కల్వకుర్తి దగ్గర. తాతల నాటి నుంచి ఆముదాలే వేస్తాం, పాలెం పరిశోధనా స్థానం వాళ్ళ విత్తనం కూడా వేసినం. మా నాయనమ్మ పడుకునే ముందు కండ్లల్లో ఒక్కో చుక్క ఆముదం వేసేది. చలువ అనేది. మీరు చెప్పే జబ్బు నూనె తక్కువైందనే కదా. మరి గానుగ ఆముదం వేస్తే సరిపోదా? మా ఇంట్లో డబ్బాలకు డబ్బాలు ఉంది.

నేత్ర_పీజీ · ఏప్రిల్ 12, రాత్రి 10:40

మంచి ప్రశ్న అన్నా. మీ నాయనమ్మ ఆలోచనలో కొంత నిజముంది. 2002లో జపాన్ వైద్యులు 2 శాతం ఆముదం కలిపిన చుక్కల మందును ఇదే జబ్బుకు వాడి చూశారు, గుణం కనబడింది. ఇప్పుడు దొరికే కొన్ని పొడికన్ను మందుల్లో కూడా ఆముదం ఉంటుంది. అయితే అది నూటికి రెండు పాళ్ళు. దాన్ని క్రిములు లేకుండా శుద్ధి చేసి, నీళ్ళలో కలిసిపోయేంత సన్నగా చిలికి తయారుచేస్తారు. డబ్బాలో ఉన్న గానుగ నూనెలో దుమ్ము, పిప్పి, క్రిములు అన్నీ ఉంటాయి. చిక్కగా ఉండి చూపును మసకబారుస్తుంది. కంటిగుడ్డు మీద చిన్న గీత ఉన్నా పుండు పడే ప్రమాదం. కంట్లో చనుబాలు పిండటం కూడా ఇదే కోవలోది. దయచేసి ఇంటి ఆముదం కంట్లో వేయొద్దు.

ఆముదాల_చేను · ఏప్రిల్ 12, రాత్రి 10:48

సరే సార్, అర్థమైంది. మా అమ్మ ఇంకా వేసుకుంటున్నది, రేపే చెప్తా.

పిల్లలమర్రి_టీచరమ్మ · ఏప్రిల్ 13, ఉదయం 7:05

ఆముదం దీపం మసితో చేసే కాటుక సంగతి కూడా చెప్పండి. నేను నలభై ఏళ్ళు పెట్టుకున్నాను, రెప్ప లోపలి అంచు మీదనే.

పాలమూరు_కళ్ళజోడు · ఏప్రిల్ 13, ఉదయం 7:30

మేడమ్, ఆ లోపలి అంచు మీదనే గ్రంథుల నోళ్ళన్నీ ఉన్నాయి. కాటుక అయినా, షాపులో కొన్న పెన్సిల్ అయినా అక్కడ రుద్దితే నోళ్ళకు మన చేత్తో మనమే బిరడా పెట్టినట్టు. పెట్టుకోవాలని ఉంటే వెంట్రుకల బయటివైపు పెట్టుకుని, రాత్రి తప్పకుండా కడిగేసి పడుకోవాలి. పసిపిల్లలకు కంట్లో అసలే వద్దు.

బీటెక్_సూర్యాపేట · ఏప్రిల్ 13, రాత్రి 11:20

నాకు 21 ఏళ్ళే. ఫోన్ వాడకం ఎక్కువే, కానీ మంట మొదలైంది మాత్రం మొటిమలకు ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్స్ వేసుకున్న రెండు నెలలకు. ఏమైనా సంబంధం ఉందా?

నేత్ర_పీజీ · ఏప్రిల్ 14, ఉదయం 6:10

ఉంది తమ్ముడూ. ఆ మందు చర్మంలోని నూనె గ్రంథులను కుదించి మొటిమలు తగ్గిస్తుంది. రెప్పలో ఉన్నవీ ఆ జాతి గ్రంథులే, వాటి మీదా పడుతుంది. నీ అంతట నువ్వు మానేయొద్దు. చర్మ డాక్టర్‌కు కండ్ల సంగతి తప్పకుండా చెప్పు, కంటి డాక్టర్‌కు ఈ మందు పేరు చెప్పు. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఈ కోర్సు అయ్యేదాకా పక్కన పెట్టు.

మిర్యాలగూడ_మందులు · ఏప్రిల్ 14, రాత్రి 9:50

నేను మెడికల్ షాపులో పనిచేస్తాను. రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళు తవుడు దుమ్ముకు కండ్లు ఎర్రబడి, డాక్టర్ చీటీ లేకుండానే "మొన్నటి చుక్కలే ఇయ్యి, వెంటనే తగ్గింది" అని వస్తారు. వెంటనే తగ్గిందంటే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. నేను ఇంతకుముందు పనిచేసిన షాపులో అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాళ్ళు. మా మేనమామ కూడా అట్లాగే ఎనిమిది నెలలు ఆ చుక్కలే వేసుకున్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) వచ్చాయి. పక్క చూపు కొంత పోయింది, అది తిరిగి రాలేదు. ఆ సీసాలు ఇంటికి తెచ్చింది నేనే. అందుకే ఇక్కడ రాస్తున్నా.

సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఈ మాటల్లో ఏది కనబడినా అది స్టెరాయిడ్. డాక్టర్ రాసి, ఎన్ని రోజులో చెప్పి, మధ్యలో ఒత్తిడి చూస్తానంటేనే వాడాలి. పిల్లలకు చదవడం వచ్చు కదా, వాళ్ళతో సీసా మీది అక్షరాలు చదివించుకోండి.

సాగర్‌రోడ్డు_డ్రైవర్ · ఏప్రిల్ 14, రాత్రి 10:15

తమ్ముడూ, నీ మాట చదివి లేచి పోయి సీసా చూసుకున్నా. డెక్సామెథసోన్ అనే ఉంది. నాలుగు నెలలుగా వేస్తున్నా. ఎండాకాలం కదా అని రోజుకు మూడుసార్లు. ఇప్పుడేం చేయాలి?

నేత్ర_పీజీ · ఏప్రిల్ 14, రాత్రి 10:22

అన్నా, ఇది చూసిన వెంటనే రాస్తున్నా. రేపు సెలవు పెట్టి అయినా కంటి ఒత్తిడి చూపించుకోండి, వాయిదా వేయొద్దు. నల్గొండలోనే పరీక్ష చేస్తారు. సీసా వెంట తీసుకుపోండి. ఎట్లా ఆపాలో చూసిన డాక్టరే చెప్తారు. భయపడొద్దు, చాలామందికి మందు ఆపితే ఒత్తిడి దిగుతుంది. చూపించుకోకుండా ఉండటమే ప్రమాదం.

గద్వాల_కోడలు · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:30

మా అత్తమ్మ గురించి అడగాలి. మాది గద్వాల, మగ్గాల ఇల్లు. అత్తమ్మకు 63 ఏళ్ళు, ఇప్పటికీ కండెలు చుడుతుంది. కుడి కన్ను పై రెప్పలో కందిగింజంత గడ్డ వచ్చింది. నొప్పి లేదు. నిరుడు ఇదే చోట వస్తే ఒక ఆస్పత్రిలో కోసి తీశారు, ఐదు నెలలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ తీశారు. ఇది మూడోసారి. తీసిన ముక్కను రెండుసార్లూ పరీక్షకు పంపలేదు. ఇంట్లో అందరూ "కురుపే, వేడి చేసింది" అంటున్నారు. అత్తమ్మ కాపడం పెట్టుకుంటున్నది. ఇది కూడా మీరు చెప్పే నూనె గ్రంథులదేనా? కాపడంతో పోతుందా?

పాలమూరు_కళ్ళజోడు · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:52

అక్కా, ఒక్కటి చెప్పండి. గడ్డ ఉన్నచోట రెప్ప వెంట్రుకలు ఉన్నాయా, రాలిపోయాయా?

గద్వాల_కోడలు · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:05

ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని టార్చి వేసి చూశాను. గడ్డ మీద నాలుగైదు వెంట్రుకలు లేవు. మిగతా రెప్పంతా ఉన్నాయి. అంచు కొంచెం పసుపుగా, మందంగా ఉంది.

నేత్ర_పీజీ · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:40

అక్కా, నిదానంగా చదవండి. వెంట్రుక కుదురు దగ్గర చీము పట్టి, ఎర్రగా, నొప్పిగా వస్తే అది కురుపు. వారం పది రోజుల్లో చితికి తగ్గుతుంది. నూనె గ్రంథి మూసుకుపోయి, లోపల నూనె గడ్డకట్టి, నొప్పి లేకుండా గింజలాగా మిగిలితే అది చలాజియాన్. దానికి కాపడం పనిచేస్తుంది, తగ్గకపోతే చిన్న కోతతో తీస్తారు. వందలో దాదాపు అందరికీ ఈ రెండింట్లో ఒకటే.

కానీ పెద్ద వయసులో, ఒకేచోట, తీసినా మళ్ళీ మళ్ళీ వస్తూ, పైన వెంట్రుకలు రాలిపోతే, ఆ నూనె గ్రంథిలోనే పుట్టే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. అది చూడటానికి అచ్చం చలాజియాన్‌లాగానే ఉంటుంది. పై రెప్పలో గ్రంథులు ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువగా వస్తుంది. మన దేశంలో రెప్ప క్యాన్సర్లలో ఇది అరుదైనది కాదు. ఔనో కాదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, ముక్క తీసి పరీక్ష చేయాలి. కాపడం ఆపండి. హైదరాబాద్ తీసుకుపోండి. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వానిది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కూడా రెప్పల జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో వాళ్ళ ఆస్పత్రి ఉంది, మీకు దగ్గరైతే ముందు అక్కడికైనా వెళ్ళండి, వాళ్ళే పంపుతారు. పాత ఆపరేషన్ కాగితాలు ఉంటే పట్టుకుపోండి. ఇంట్లోవాళ్ళు "కురుపే కదా" అన్నా వినొద్దు.

గద్వాల_కోడలు · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:58

సరే సార్. ఆయన మగ్గం దిగగానే మాట్లాడతాను. సోమవారం పోతాం.

అవిసెలు_కోదాడ · ఏప్రిల్ 19, రాత్రి 8:30

అందరూ కాపడం, మసాజ్ అంటున్నారు, తిండి గురించి ఒక్కరూ చెప్పట్లేదు. అవిసె గింజల పొడి, చేప నూనె మాత్రలు వాడండి. ఒమేగా-3 ఉంటే నూనె గ్రంథులు బాగుపడతాయని అన్ని వీడియోల్లో చెప్తున్నారు. నేను నెలకు పన్నెండు వందలు పెట్టి మాత్రలు తెప్పించుకుంటున్నా.

నేత్ర_పీజీ · ఏప్రిల్ 20, ఉదయం 6:30

అవిసెలు తినడం మంచిదే, మానొద్దు. మాత్రల మీద డబ్బు పెట్టేముందు ఇది తెలుసుకోండి. 2018లో అమెరికాలో ఐదొందలమందికి పైగా పొడికన్ను ఉన్నవాళ్ళ మీద ఏడాదిపాటు చేసిన పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. కొందరికి రోజుకు 3 గ్రాముల చేప నూనె ఒమేగా-3 ఇచ్చారు, మిగతావాళ్ళకు ఆలివ్ నూనె మాత్రలు ఇచ్చారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేనైతే ఆ పన్నెండు వందలు ప్రిజర్వేటివ్ లేని చుక్కల మీద పెట్టమంటాను. రోజుకు ఐదారుసార్లు చుక్కలు వేసుకునేవాళ్ళకు మామూలు సీసాల్లో మందు చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కూడా కంటిని గీరుతుంది.

ఇంకొకటి, అందరి పొడికన్నూ నూనెదే కాదు. నోరు కూడా ఎండిపోతూ, కీళ్ళ నొప్పులు ఉంటే నీళ్ళ గ్రంథికే జబ్బు ఉండొచ్చు. దానికి రక్త పరీక్షలు కావాలి, కాపడం సరిపోదు.

సాగర్‌రోడ్డు_డ్రైవర్ · ఏప్రిల్ 22, రాత్రి 9:00

పోయి చూపించుకున్నా. ఒత్తిడి కుడి కంట్లో 27, ఎడమ కంట్లో 25 ఉందట. 21 దాటకూడదట. కంటి నరం ఇంకా బాగానే ఉందన్నారు. పాత మందు ఎట్లా తగ్గించి ఆపాలో రాసిచ్చారు, ఒత్తిడికి వేరే చుక్కలు ఇచ్చారు. మూడు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. మిర్యాలగూడ తమ్ముడూ, నీ మేనమామ సంగతి నువ్వు రాయకపోతే నేను ఆ సీసా తిప్పి చూసేవాణ్ణి కాదు. డిపోలో ఇంకో ఇద్దరి సీసాలు కూడా చూశాను, ఒకరిది అదే మందు.

పాలమూరు_కళ్ళజోడు · ఏప్రిల్ 23, ఉదయం 7:10

చల్లటి మాట చెప్పావు అన్నా. బస్సులో పక్కల మూసి ఉండే అద్దాలు పెట్టుకో, గాలి నేరుగా కంటికి తగలదు. ఇంట్లో కూలర్ మొహానికి ఎదురుగా పెట్టుకుని పడుకోవద్దు. మీసేవ తమ్ముడూ, ప్రతి సర్టిఫికెట్ ప్రింటు కొట్టినప్పుడు ఒక గుర్తు పెట్టుకో. ప్రింటు వచ్చేలోపు కండ్లు పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆగి, కొంచెం గట్టిగా అదిమి, మెల్లగా తెరువు. అట్లా ఐదుసార్లు. స్క్రీన్‌ను కంటి మట్టం కన్నా కొంచెం కిందికి దించు. కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తక్కువ ఎండుతుంది.

దేవరకొండ_మీసేవ · మే 30, రాత్రి 9:35

ఏడు వారాలు అయింది. జొన్నల మూట పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మా అమ్మే వేయించి ఇస్తుంది, రెండు రోజులు నేను బద్ధకించినా ఆమె వదల్లేదు. మసాజ్, తుడవడం, ప్రింటు కొట్టినప్పుడల్లా కండ్లు మూయడం. మొదటి మూడు వారాలు ఏమీ తేడా లేదు, మానేద్దామనుకున్నా. నాలుగో వారం నుంచి పొద్దున రెప్పలు అతుక్కోవడం ఆగింది. ఇప్పుడు సాయంత్రం దాకా చుక్కలు ఒకటి రెండుసార్లు చాలు.

నిన్న మహబూబ్‌నగర్ పోయి అన్నకే చూపించుకున్నా. రంగు మందు వేసి, రెప్ప వేయకుండా చూడమని లెక్కపెట్టారు. పొర ఎనిమిది సెకన్లు నిలిచింది. పది దాకా రావాలట. తర్వాత రెప్ప నొక్కి, ఫోన్‌లో ఫొటో తీసి చూపించారు. కుడి కంట్లో వరుసగా తేట చుక్కలు, దీపం వెలుగులో నూనె మెరిసినట్టు మెరుస్తున్నాయి. ఎడమ కంట్లో చెవి వైపు నాలుగు గ్రంథుల నుంచి ఏమీ రాలేదు. అవి ఇక పోయినట్టే అన్నారు. మిగిలినవి కాపాడుకుంటా.

గద్వాల అక్కా, అత్తమ్మ ఎట్లా ఉంది? రోజూ చూస్తున్నా, మీరు రాయలేదు.

గద్వాల_కోడలు · జూన్ 3, మధ్యాహ్నం 12:20

రాయడానికి ఇప్పుడు ధైర్యం వచ్చింది తమ్ముడూ. హైదరాబాద్‌లో ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టర్ సారు భయపడిందే అయింది, నూనె గ్రంథి క్యాన్సరే. కానీ చిన్నగా ఉంది, రెప్ప దాటి పోలేదు. మే 12న ఆపరేషన్ చేశారు. గడ్డ చుట్టూ కొంచెం మంచి కండ కూడా కలిపి తీసి, అంచుల్లో ఏమీ మిగల్లేదని మైక్రోస్కోప్‌లో చూసి, అప్పుడు రెప్పను సరిచేసి కుట్టారు. చెవి ముందు, మెడలో బిళ్ళలు ఏమీ లేవన్నారు. మూడు నెలలకు ఒకసారి రమ్మన్నారు, ఐదేళ్ళ దాకా చూస్తారట. రెప్ప కొంచెం పొట్టిగా కనబడుతుంది, కన్ను మూతపడుతుంది, చూపు ఎప్పటిలాగే ఉంది.

అత్తమ్మకు పేరు చెప్పలేదు, "చెడ్డ గడ్డ, తీసేశారు" అని చెప్పాం. ఆమెకు అర్థమైందనే అనుకుంటున్నా. నిన్న సాయంత్రం చెప్పకుండానే వచ్చి రాట్నం ముందు కూర్చుని రెండు కండెలు చుట్టింది. దారం తెగితే నన్ను పిలవలేదు, తానే వెతికి ముడేసుకుంది.

నేత్ర_పీజీ · జూన్ 3, రాత్రి 10:10

అక్కా, మూడు నెలల తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఈలోపు చెవి ముందు గానీ, దవడ కింద గానీ గట్టి బిళ్ళ చేతికి తగిలితే ఆ తేదీ కోసం ఆగొద్దు. ఎడమ రెప్ప కూడా నెలకోసారి టార్చి వేసి చూడండి, మొన్న కుడి రెప్పను చూసినట్టే.